పైడిరాజు అనే పేరు నిషేధించబడినది

కబడ్డీ ఆటగాడు పైడిరాజు ఒప్పందం గడువు శుక్రవారంతో తీరిపోయింది. శనివారం పొద్దున్నే అతను బొండపేట జట్టులో చేరుతూ సంతకం పెట్టేశాడు. ఈ రెండు వాక్యాల్లో నేరమేమీ లేదు. గడువు తీరిన ఆటగాడు తనకు నచ్చిన జట్టుకు పోవచ్చునని లీగు నిబంధనల్లో రాసే ఉంది. కానీ పెదగెడ్డ ఊళ్ళో నిబంధనలు చదివే అలవాటు ఎవరికీ లేదు, ఉన్న అలవాటల్లా కబడ్డీ చూడటమే. మూడేళ్ళు వరసగా కప్పు తెచ్చినవాడు పోయిపోయి బొండపేటకి పోవడమా! ఆ రోజు ఊళ్ళో చాలా ఇళ్ళలో పొయ్యి వెలగలేదు. వెలిగించినవాళ్ళు కూడా తలుపులేసుకుని తిన్నారు.

అయితే ఈ కథ ఆ పైడిరాజుది కాదు. మునిసిపాలిటీ నీళ్ళ విభాగంలో వాల్వులు తిప్పే పైడిరాజుది. ఈయన ఆ పేరు పెట్టుకుని అప్పటికి అరవై రెండేళ్ళు కావస్తోంది. రిటైర్మెంటుకి ఇంకా నలభై రోజులుంది. ముప్ఫై నాలుగేళ్ళుగా పెదగెడ్డలో ఏ వీధికి ఎప్పుడు నీళ్ళొస్తాయో దేవుడికైనా తెలియకపోవచ్చుగాని ఈయనకి తెలుసు. ఇనప చువ్వ భుజాన వేసుకుని సందులోకి వస్తే చాలు, "పైడిరాజు కూతకొచ్చినాడర్రా, బిందెలట్టుకోండి" అని ఆడవాళ్ళు నవ్వేవారు. ఆటగాడి పేరు తనకుండటం ఆయనకి లోలోపల మహా గర్వం. నిజానికి ఆటగాడికే తన పేరుందని ఆయన వాదన. శనివారం నాడు ఆయన కూడా ఏడ్చాడు. వాల్వు గుంత దగ్గర కూర్చుని, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఊరి అభిమానులు తమకు చేతనైనట్టు దుఃఖించారు. దిష్టిబొమ్మ ఒకటి చేశారు. అభిమానుల సంఘం కార్యదర్శి రాంబాబు, సెల్‌ఫోన్ల కొట్టు ఉన్నవాడు, అగ్గిపుల్ల గీశాడు. తీరా చూస్తే బొమ్మ ముఖం అచ్చు గుద్దినట్టు పైడిరాజులాగే కుదిరింది. ఎవరికీ చేతులు రాలేదు. రాంబాబు బొమ్మ పక్కన నిలబడి సెల్ఫీ తీసుకున్నాడు. తర్వాత వరసగా అందరూ తీసుకున్నారు. చివరికి బొమ్మకి ఎండ తగులుతోందని ఎవరో గొడుగు పట్టారు.

ఇలాగైతే లాభం లేదని మునిసిపల్ చైర్మన్ దాలినాయుడు అత్యవసర సమావేశం పెట్టాడు. చైర్మనే అభిమానుల సంఘానికి గౌరవాధ్యక్షుడు కూడాను. మూడేళ్ళుగా ప్రతి ఆటకీ ముందు వరసలో కూర్చుని గొంతు పోగొట్టుకున్నవాడు. ఆ రోజు బల్ల గుద్ది అరిచాడు.

"ఆడి పేరు ఈ ఊళ్ళో ఇనపడకూడదు! కనపడకూడదు! అసలుండకూడదు! ఏం, కమిషనరు గారూ?"

కమిషనర్ పరాంకుశం గారు వేరే జిల్లా నుంచి వచ్చినవాడు. కబడ్డీలో ఎంతమంది ఆడతారో ఆయనకు తెలియదు, తెలుసుకోవాలనే కుతూహలమూ లేదు. కాని కోపంలో అన్న మాటను ఉత్తర్వుగా మార్చడంలో ఆయన్ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. కళ్ళజోడు సవరించుకుని అక్కడికక్కడే రాసేశాడు.

"పురపాలక సంఘ పరిధిలో సదరు నామమును ఉచ్చరించుట, లిఖించుట, ధరించుట తక్షణమే నిషేధింపబడినది. ఇందునిమిత్తము నామ ఉపసంహరణ విభాగమును నెలకొల్పడమైనది."

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. కౌన్సిలర్లలో సగం మంది కళ్ళు తుడుచుకుంటూ చేతులెత్తారు.

సర్కారు పని ఎప్పుడూ ఆలస్యమవుతుందనేవాళ్ళు ఆ వారం పెదగెడ్డ వచ్చి చూడాల్సింది. సోమవారానికల్లా పైడిరాజు కూడలి బోర్డు మీద తెల్లరంగు పడింది. మంగళవారానికి ఆటోవాళ్ళు "ఆడి సెంటరు, ఆడి సెంటరు, ఇంకొక్కరు" అని కేకలెయ్యడం మొదలెట్టారు. టిఫిను హోటల్లో పైడిరాజు స్పెషల్ అట్టు పేరు కొట్టేశారు, కానీ అట్టు మీద నిషేధం లేదు కాబట్టి జనం బోర్డు మీద కొట్టేసిన చోటు వైపు కళ్ళతో చూపించి, "అది ఒకటి, అల్లం పచ్చడెక్కువ" అని చెప్పుకునేవారు. ఆటగాడి చొక్కా మీద ఏడో నంబరు ఉండేది గనక దాన్నీ ఉపసంహరించారు. ఏడో వార్డు కౌన్సిలరు "ఆరు, ఎనిమిది వార్డుల నడుమ వార్డు కౌన్సిలరు" అని సంతకం పెట్టాల్సొచ్చింది. ఆయన సంతకానికి కాగితం చాలక వెనక్కి తిప్పేవాడు.

ఒక్కచోట మాత్రం కమిషనరు గారికి ధర్మసందేహం వచ్చింది. మార్కెట్ వెనక పైడితల్లమ్మ గుడి ఉంది. పేరులో సగం అదే. దాన్నేం చెయ్యాలి? మునిసిపాలిటీ వకీలు మూడు రోజులు ఆలోచించి అభిప్రాయం పంపాడు: "దేవతలకు ఏ జట్టుతోనూ ఒప్పందము లేనందున, వారు జట్టు మారు ప్రసక్తి ఉత్పన్నము కాదు. కావున మినహాయింపు ఇవ్వవచ్చును."

అమ్మవారు బతికి బయటపడింది. వాల్వులు తిప్పే పైడిరాజుకి ఆ యోగం లేకపోయింది. పదో రోజున ఆయన చేతికి నోటీసు ఇచ్చారు.

ఆయన నోటీసు పట్టుకుని కమిషనరు గదిలోకి వెళ్ళాడు. చెప్పులు బయటే విడిచాడు, తువ్వాలు భుజం మీంచి తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఏటి బావూ ఇది? నానేటి సేసినాను? నాను బొండపేట ఎల్లిపోనేదు గదా."

"మీరు వెళ్ళారని ఎవరూ ఆరోపించడం లేదు" అన్నారు పరాంకుశం గారు, ఎంతో దయగా. "మీరు సదరు నామమును ధరించియున్నారు. మూడవ క్లాజు."

"దరించడవేటి బావూ, సొక్కాయా? మా యమ్మ ఎట్టినాది. నాకు ముందు ముగ్గురు పుట్టి పోనారంట. పైడితల్లమ్మకి మొక్కుకుంటే నాను నిలిచినాను. అప్పటికా గుంటడు పుట్టనేదు. ఆడి బాబుకి పెళ్ళి కూడా అవనేదు."

"ముందుగా ధరించుట మినహాయింపునకు అర్హత కాజాలదు. అట్లని ఇచ్చుకుంటూపోతే రేపు ప్రతివాడూ ముందే పుట్టాననును."

కమిషనరు ఒక కాగితం ముందుకు తోశారు.

"పురపాలక సంఘం మిమ్మల్ని అనాథగా విడిచిపెట్టదు. ఆమోదిత నామముల జాబితా ఇది. జట్టులో ఇంకను మిగిలియున్న ఆటగాళ్ళ పేర్లు. నూకరాజు, శ్రీకాంత్, జస్వంత్. ఏదైనా ఒకటి ఎంచుకొనవచ్చును."

"జస్వంతా?"

"బాగుంటుంది. అయితే రెండు సంవత్సరములకే. ఆ పిమ్మట అతని ఒప్పందము ముగియును. అతను ఉండిపోతే పొడిగిస్తాం. వెళ్ళిపోతే మరొకటి కేటాయిస్తాం."

పైడిరాజు ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. అరవై రెండేళ్ళొచ్చాక జస్వంత్ అవడం, అరవై నాలుగేళ్ళకి ఇంకెవడో అవడం ఊహించుకోబోయాడు. చివరికి వచ్చేసరికి తను ఎవరిపేరుతో పోతాడో ఏ కబడ్డీ ఆటగాడి సంతకం మీదో ఆధారపడి ఉంటుందన్నమాట! కాగితం మడిచి బల్ల మీదే పెట్టేశాడు.

"నాకొద్దు బావూ" అన్నాడు.

"అట్లయిన యెడల మీకు పేరు లేదు" అన్నారు కమిషనరు. ఆయన గొంతులో కోపం లేదు. ఆయన ఎవరి మీదా కోప్పడడు, నమోదు చేసుకుంటాడంతే.

మర్నాటి నుంచి హాజరు పట్టీలో పైడిరాజు ఉండే చోట "సదరు వ్యక్తి" అని వచ్చింది. నీళ్ళు రాని వీధులవాళ్ళు ఆఫీసుకి ఫోన్ చేస్తే, "సదరు వ్యక్తి బయలుదేరినాడండి" అని చెప్పేవారు. తోటివాళ్ళు ముందు నవ్వారు, తర్వాత అలవాటు పడ్డారు. అలవాటు పడటమే ఆయన్ని బాగా గుచ్చింది. ముప్ఫై నాలుగేళ్ళు కలిసి టీ తాగిన మేస్త్రీ ఒకరోజు ఏ మాత్రం నవ్వకుండా, "సదరూ, ఆ చువ్వ ఇలాగియ్యి" అన్నాడు.

ఇదిలా ఉండగా ఊళ్ళో ఇంకో జబ్బు పుట్టుకొచ్చింది. మూడేళ్ళపాటు రోజుకి వందసార్లు అరిచిన పేరు కదా, జనానికి గొంతులో అడ్డం పడినట్టయింది. బయటికి అంటే జరిమానా, లోపల ఉంచుకుంటే ఊపిరాడదు.

ఒకరోజు తెల్లవారుజామున పైడిరాజు మార్కెట్ వాల్వు తిప్పుతుంటే సెల్‌ఫోన్ల రాంబాబు అటూ ఇటూ చూస్తూ వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"మావా, ఒక్కపాలి పిలిచీనా?"

"ఏటి పిలుత్తావురా?"

"నీ పేరే మావా. నిన్ను పిలిచినట్టే. నువ్వు పలికీ, సాలు."

పైడిరాజు సరేనన్నాడు. రాంబాబు కళ్ళు మూసుకుని, గొంతు తగ్గించి, "పైడిరాజూ" అన్నాడు.

"ఓయ్."

రాంబాబు బొటబొటా కన్నీళ్ళు కార్చాడు. "పేణం లేసొచ్చింది మావా" అని చేతులు పట్టుకుని, రేపు మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళిపోయాడు.

మర్నాడు ముగ్గురొచ్చారు. వారం తిరిగేసరికి ఏ వాల్వు దగ్గర చూసినా వరస కట్టి జనం. ఒకాయన ఆస్పత్రికి వెళ్తూ ఆగి పిలిచి పోయేవాడు. ఒక పెద్దావిడకి రెండుసార్లు పిలిస్తేగాని తృప్తి ఉండేది కాదు. పిలిచేది తనని కాదని పైడిరాజుకి తెలుసు. అయినా చెవిలో పడేది తన పేరే. ఆఫీసులో పొద్దంతా సదరు అనిపించుకున్న మనిషికి ఆ కాసేపూ చాలు. అందరికీ ఓపిగ్గా "ఓయ్" అనేవాడు.

ఓ శుక్రవారం పొద్దున్నే నల్ల అద్దాల కారు ఒకటి వాల్వు పక్కకొచ్చి ఆగింది. అద్దం బెత్తెడు దిగింది. లోపల చైర్మన్ దాలినాయుడు. ముఖానికి తువ్వాలు చుట్టుకున్నాడు.

"ఎవులికీ సెప్పకు" అన్నాడు. తర్వాత, "పైడిరాజూ! ఎందుకెల్లిపోనావురా! ఏటి తక్కువ సేసినాం నీకు?" అన్నాడు.

"ఓయ్" అన్నాడు పైడిరాజు. కారు కాసేపు అక్కడే ఉండి, లోపల ఎవరో ముక్కు చీదుకున్న చప్పుడయ్యాక కదిలింది.

ఈ వరసల సంగతి కమిషనరు గారి దాకా వెళ్ళకుండా ఉంటుందా? ఆయన మూడు క్లాజుల్నీ తిరగేసి చూశారు. ఉచ్చరించుట ఉంది, లిఖించుట ఉంది, ధరించుట ఉంది. పలుకుట లేదు! అంత పెద్ద కన్నం తన ఉత్తర్వులో ఉండిపోయినందుకు ఆయన మొదటిసారి నిజంగా బాధపడ్డారు. అప్పటికప్పుడు నాలుగో క్లాజు చేర్చారు. "సదరు నామముతో పిలువబడినప్పుడు ఓయ్ అనియు, ఆఁ అనియు, లేక తల తిప్పియు ప్రతిస్పందించుట కూడ నిషిద్ధము." దానికి చైర్మన్ సంతకం కావాలి. దాలినాయుడు కలం పట్టుకుని చాలాసేపు కిటికీలోంచి చూసి, చివరికి పెట్టేశాడు. ఊరి చైర్మనై ఉండి తన తీర్మానాన్ని తనే కాదంటే పరువేం కావాలి?

ఇక వాల్వుల దగ్గర ఎవరు పిలిచినా పైడిరాజు నేల చూపులు చూస్తూ చువ్వ తిప్పడం తప్ప ఏమీ చేయలేకపోయాడు. రాంబాబు నాలుగుసార్లు పిలిచి, "మావా, కోపమా?" అన్నాడు. "ఉజ్జోగంరా" అన్నాడు ఆయన.

రిటైర్మెంటుకి వారం ఉందనగా నామ ఉపసంహరణ విభాగం వాళ్ళు ఇద్దరు ఆయన ఇంటికి తనిఖీకి వచ్చారు. ఇంట్లో ఎవరైనా ఆ పేరు వాడుతున్నారేమో చూడాలట. పైడిరాజు డ్యూటీలో ఉన్నాడు. ఆయన భార్య తవిటమ్మ చేట పక్కన పెట్టి లేచింది.

"ఏవమ్మా, మీ ఆయన్ని ఏమని పిలుస్తారు?"

"ఏవని పిలుత్తాను బావూ? ఇదిగో అంటాను. మా గుంటల బాబు అంటాను."

"పేరు పెట్టి?"

ఆవిడ రెండు చేతులతో చెంపలు వేసుకుంది. "మొగుణ్ణి పేరెట్టి పిలుత్తారేటి బావూ? తప్పు కాదా! పెళ్ళినాడు గుమ్మంకాడ ఆడబడుసులు అడ్డం నిలబడి సెప్పమన్నా నాను సెప్పనేదు. ముప్పయ్యారేళ్ళయింది."

తనిఖీ వాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఊరంతా నెల రోజులుగా కిందా మీదా పడుతుంటే ఇక్కడ ఒక మనిషి ముప్ఫై ఆరేళ్ళుగా, ఎవరూ అడగకుండానే, తీర్మానాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తోంది! వాళ్ళు పరుగున వెళ్ళి కమిషనరుకి చెప్పారు. పరాంకుశం గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"తీర్మానమునకు పూర్వమే తీర్మానమును అమలుపరచిన పౌరురాలు" అన్నారు. "ఆమెను సన్మానించవలె."

అలా ఒకే వేదిక మీద రెండు కార్యక్రమాలు కుదిరాయి. సదరు వ్యక్తి పదవీ విరమణ, ఆయన భార్యకి ఆదర్శ పౌరురాలి బిరుదు.

కౌన్సిల్ హాలు నిండిపోయింది. నీళ్ళాయనకి వీడ్కోలని ప్రతి వీధి నుంచీ ఆడవాళ్ళొచ్చారు. పైడిరాజు తెల్లచొక్కా వేసుకుని వేదిక మీద కూర్చున్నాడు. ముప్ఫై నాలుగేళ్ళుగా ఈ రోజుని ఆయన తలుచుకోని ఏడాది లేదు. తన ముందు రిటైరైన వాళ్ళందరికీ మైకులో పేరు, శాలువా, షీల్డు. ఆ షీల్డు ఇంట్లో మేకుకి తగిలించి రోజూ చూసుకోవాలని ఆయన ఆశ. పెద్ద కోరికేం కాదు.

కమిషనరు సన్మాన పత్రం చదివారు. "శ్రీ ఖాళీ గారు సదరు విభాగమునందు సదరు కాలము సదరు వాల్వులను సక్రమముగా త్రిప్పియున్నారు. వారి నామము పెదగెడ్డ చరిత్రలో చిరస్థాయిగా నిలుచునని ఆశించడమైనది."

చప్పట్లు ఎక్కడ కొట్టాలో జనానికి తెలియలేదు. దాలినాయుడు శాలువా కప్పి, షీల్డు చేతిలో పెట్టాడు. పైడిరాజు ముఖం వైపు మాత్రం చూడలేదు. ఇత్తడి రేకు మీద "శ్రీ" ఉంది, "గారికి" ఉంది. మధ్యలో నున్నగా, తళతళలాడుతూ జానెడు ఖాళీ. అందులో పైడిరాజుకి తన ముఖం కనిపించింది. చావుబతుకుల మధ్య అమ్మ మొక్కు మొక్కి దక్కించుకున్న పేరు. మునిసిపాలిటీ వాడుకున్నన్నాళ్ళూ వాడుకుని ఇలా తుడిచి చేతిలో పెట్టింది. ఆయన తల వంచేసుకున్నాడు.

తర్వాత తవిటమ్మని పిలిచారు. ఆవిడకీ శాలువా కప్పారు. "ఆదర్శ పౌరురాలు రెండు మాటలు మాట్లాడవలసిందిగా" అని కమిషనరు మైకు ఆవిడ ముందుకు వంచారు.

ఆవిడ మైకు వైపు చూడలేదు. పెనిమిటి చేతిలోని షీల్డు వైపు చూస్తోంది. ఆవిడకి చదువు రాదు. కానీ రాసిన చోటు, రాయని చోటు తెలుస్తాయి కదా.

"బావూ, ఈ నడుమన ఏటీ రాయనేదేటి?" అంది కమిషనరుతో.

"అది ఉద్దేశపూర్వకముగా విడువబడినదమ్మా."

"ఎవులి పేరక్కడుండాల?"

కమిషనరు జవాబు చెప్పలేదు. చెబితే మొదటి క్లాజు కింద ఆయనే దొరుకుతాడు. చైర్మన్ వైపు చూసింది. చైర్మన్ చెప్పులు చూసుకున్నాడు. హాలు వైపు చూసింది. మూడు వందల మంది నోళ్ళు మూసుకుని కూర్చున్నారు. తల వంచుకున్న మొగుడి వైపు చూసింది. పెళ్ళై వచ్చినప్పటి నుంచి ఈ మనిషి ఇలా తల వంచగా ఆవిడ చూడలేదు.

తవిటమ్మ కొంగు బొడ్డున దోపింది. మైకు అక్కర్లేని గొంతుతో, "పైడిరాజూ!" అంది.

పైడిరాజు తల ఎత్తలేదు. ముప్ఫై ఆరేళ్ళుగా వింటున్న గొంతులోంచి ఎన్నడూ వినని మాట వచ్చేసరికి, అది తనని పిలవడమేనని ఆయనకి అందలేదు.

"పైడిరాజూ, లెగు! ఇంటికెల్లిపోదాం. పేరు నేని రేకు మనకెందుకు?"

"అమ్మా, అది నిషిద్ధ..." అంటూ పరాంకుశం గారు లేచారు. ఆదర్శ పౌరురాలి మీద ఏ క్లాజు కింద చర్య తీసుకోవాలో, శాలువా వెనక్కి తీసుకోవచ్చో లేదో ఆయనకి ఒక్కసారిగా తట్టలేదు.

"ఓయ్" అన్నాడు పైడిరాజు.

గట్టిగానే అన్నాడు. లేచి నిలబడి షీల్డుని చైర్మన్ ఒళ్ళో పెట్టాడు. శాలువా మడిచి దాని మీద పెట్టాడు. ఇద్దరూ వేదిక దిగి నడవలోంచి వెళ్తుంటే ఎవరూ అడ్డం రాలేదు. రాంబాబు లేచి నిలబడ్డాడు, వాడిని చూసి వెనక వరసలన్నీ లేచాయి. ఎవరు మొదలెట్టారోగాని "పైడిరాజు" అన్న మాట ఒక మూల నుంచి ఇంకో మూలకి పాకింది. ఈసారి అది బొండపేట వెళ్ళినవాడిది కాదని అందరికీ తెలుసు.

మెట్లు దిగి వీధిలోకి వచ్చాక తవిటమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"ఓలమ్మో, అంతమందిలో పేరెట్టి పిలిసీసినాను. తప్పు సేసినానేటి?"

పైడిరాజు నాలుగడుగులు నడిచి ఆగాడు.

"ఇంకోపాలి పిలు, సెప్తాను" అన్నాడు.